మూడో వరుసలో వాన

పద్యాల పోటీలో తన వంతుకి వేదికెక్కిన చిన్నారి జానే నోరు తెరవలేదు. అర నిమిషం గడిచింది. మూడో వరుసలో చంటివాణ్ణి చంకనేసుకుని కూర్చున్న తల్లి రొజెల్డాకు పైప్రాణం పైనే పోయింది.

"మరిచిపోయింది వదినా! ఔట్స్‌హోర్న్ ఊరంతా ఇక్కడే ఉంది!"

"కాసేపు ఆగవే తల్లీ, ఏడేళ్ల పిల్ల," అంది పక్కనున్న ఆడపడుచు మార్లీన్.

"ఎలా ఆగను? అంతా నా పాపమే. ఇంట్లో నా మోటు ఆఫ్రికాన్స్ భాష విని విని, పుస్తకం ఆఫ్రికాన్స్ దాని నోట్లో నిలవడం లేదు. అదిగో, జడ్జిగారు తల కూడా ఎత్తకుండా రాసేస్తున్నారు. మార్కులు కోసేస్తున్నారు!"

రొజెల్డా పెదవులు కదిపి చూపించింది. జానే అటు చూడలేదు. వేళ్లతో గాల్లో చినుకులు రాల్చింది. అయినా చూడలేదు. ఇక లాభం లేదని లేచి నిలబడి, పద్యం తనే అందుకుంది.

"ఎండిన కరూ సీమ నేలపైన తొలి చినుకు రాలెను..."

రెండు చరణాలు సాఫీగా నడిచాయి. మూడోది ఆమెకే గుర్తు రాలేదు. ఆగితే పరువు పోతుందని నోటికొచ్చింది పెట్టి లాగించేసింది.

"ఓసి వానా, ఇన్నాళ్లకి తగలడ్డావా! ఉండవే, తాడు మీద పిల్లాడి గుడ్డలున్నాయి! రేకుల మీద ఆ దరువేమిటే, వీడికిప్పుడే కునుకు పట్టింది!"

వెనక వరుసల్లో ఈలలు. తర్వాత హాలంతా చప్పట్లు. ఆ మోతకి చంకలోనివాడు లేచి రాగం ఎత్తుకున్నాడు. జడ్జిగారు కలం పక్కన పెట్టి, కళ్లద్దాల పైనుంచి చూశారు.

"పిల్ల తప్పేం లేదు మేడమ్," అంది రొజెల్డా, వాణ్ణి ఊపుతూనే. "ఎనిమిదితో బడి మానేసిన మొద్దుని నేను. నా బుద్ధే దానికొచ్చింది. మరిచిపోయింది పాపం. దానికి ఇంకొక్కసారి అవకాశమివ్వండి."

వేదిక మీద జానే పళ్లు బిగబట్టి, ఒక్క మాట తడబడకుండా, అచ్చు పుస్తకంలోలాగే శుద్ధంగా అంది.

"అమ్మా, నేనేమీ మరిచిపోలేదు. ముందు చదివిన అమ్మాయికి మార్కులు వేయడం పూర్తయ్యాక మేడమ్ గారు గంట కొడతారు. అప్పుడు మొదలుపెట్టాలి. ఆవిడ ఇంకా కొట్టనే లేదు."