లంగరు ముడి జడ

భీమిలిలో ఇప్పుడు ఏ ఇంట చూసినా జడలు వేసే యంత్రం ఉంది. పిల్ల దాని ముందు కూర్చుంటే చాలు, రెండు నిమిషాల్లో రెండు జడలు, రిబ్బన్లతో సహా. అన్నం తినిపించడానికి ఒకటి, పాఠం చెప్పడానికి ఇంకొకటి. పడవ మీద వేటకు వెళ్లే ఎల్లాజీకి, ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ కూతురు జోషితతో ఏం మాట్లాడాలో తోచేది కాదు.

ఆ సోమవారం పొద్దున్నే జడల యంత్రం మొరాయించింది. తల్లి అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయింది.

"నానా, బస్సొచ్చేత్తాది!" అని పిల్ల ఒకటే గోల.

ఎల్లాజీ దువ్వెన అందుకున్నాడు. ఆ చేతులకు తెలిసినవి పడవ తాళ్లే. జుట్టును మూడు పాయలు తీసి తాడులా బిగించి అల్లాడు. చివర రిబ్బనుతో లంగరు తాడుకు వేసే ముడి వేశాడు.

జోషిత అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది. "ఇదేటి నానా, నన్ను రేవులో కట్టేత్తావా ఏటి?"

సాయంత్రం ఆ ముడి విప్పడం తల్లి వల్ల కాలేదు. బాగుపడిన యంత్రం కూడా మూడుసార్లు తంటాలు పడి, ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంది. చివరికి ఎల్లాజీయే పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని విప్పాడు. విప్పినంతసేపూ, క్లాసులో ఎవరెవరు ఆ జడ పట్టుకు లాగారో జోషిత చెబుతూనే ఉంది.

మర్నాడు యంత్రం "టైమైంది, రా జోషితా" అని పిలిచింది. పిల్ల దువ్వెన పట్టుకెళ్లి తండ్రి ముందు కూర్చుంది.

"నానా, నిన్నటికన్నా గట్టి ముడెయ్యి. సాయంత్రం బేగి ఊడకూడదు."