ఫ్రిజ్ పుస్తకంలో ఆరో రోగం

ఈసారి ఫ్రిజ్‌కి ఏ రోగం తెప్పించాలో ఆవిడకు తోచలేదు.

ఫ్రిజ్‌తో పాటు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆఖరి పేజీ తెరిచింది. ఒకవైపు సమస్య, ఎదురుగా కారణం, ఆ పక్కన ఏం చెయ్యాలో. మొత్తం ఆరు. ప్లగ్గు వదులవడం, నాబ్ సున్నా మీద ఉండిపోవడం, తలుపు రబ్బరు సరిగ్గా అతుక్కోకపోవడం, ఒక కాలు పొట్టిదై ఫ్రిజ్ గడగడలాడటం, వెనక గోడకు మరీ ఆనించేయడం. అయిదూ అయిపోయాయి. ఒక్కోదానికీ మెకానిక్ ఒక్కోసారి వచ్చి బాగుచేసి వెళ్ళాడు.

ఆ మెకానిక్ ఆవిడ మొగుడే. మాటా మాటా పెరిగి ఆర్నెల్ల క్రితం పెట్టె సర్దుకుని వాళ్ళక్క ఇంట్లో మకాం పెట్టాడు. రమ్మని పిలవడానికి ఈవిడకు నోరు రాదు. పిలవకుండా రావడానికి ఆయనకు కాళ్ళు రావు. మధ్యలో పాపం ఫ్రిజ్ జబ్బుపడుతోంది.

మిగిలింది ఒక్కటే, కరిగిన నీళ్ళు బయటికి పోయే రంధ్రం మూసుకుపోవడం. ఆవిడ కుట్టుమిషను కింద నుంచి లైనింగు గుడ్డముక్క ఒకటి ఏరి, ఉండచుట్టి, ఫ్రిజ్ లోపల వెనకగోడ అడుగున ఉన్న రంధ్రంలో పుల్లతో కూరింది. మర్నాటికి కూరగాయల డబ్బా కింద నీళ్ళు మడుగు కట్టాయి. కంపెనీకి ఫోన్ చేసి, పోయినసారి వచ్చినాయన్నే పంపాలనీ, ఇంకొకరొస్తే తలుపు తియ్యననీ ఎప్పటిలాగే చెప్పింది. అవతలివాడు కాసేపు నసిగి సరేనన్నాడు.

సాయంత్రం నాలుగింటికి మొగుడు వచ్చాడు. ఎవరింటికో వచ్చినవాడిలా చెప్పులు ఓ మూలగా విడిచి లోపలికి నడిచాడు. చొక్కాకి రెండో గుండీ లేదు. ఆవిడ చేతిలో దారం ఎక్కించిన సూది ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు, కానీ ఆ నాలుగడుగులూ పడలేదు.

ఆయన నేలమీద చతికిలబడి, డబ్బా బయటికి లాగి, టార్చి వేసి చూసి, సన్నటి తీగ ఒకటి రంధ్రంలోకి పంపాడు. తీగ కొసన గుడ్డముక్క వచ్చింది.

"ఇదెలా వచ్చింది ఇందులోకి?"

"గాలికి పడిందేమో."

"ఫ్రిజ్‌లో గాలా?"

"తలుపు తీస్తాం కదండీ," అంది ఆవిడ గోడకేసి చూస్తూ.

ఆయన గుడ్డముక్కను పిండి కిటికీలో ఆరేశాడు. రంధ్రంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి అవి కిందికి దిగుతున్నాయో లేదో చూశాడు. వెనకాల నీళ్ళు పట్టే పళ్ళెం కడిగాడు. ఎవరూ అడక్కుండానే తలుపు రబ్బరు కూడా తడిగుడ్డతో తుడిచాడు. పావుగంట పనిని ముప్పావుగంట చేస్తున్నాడని ఆవిడకు తెలుస్తూనే ఉంది. ఇంకో గంట చేసినా బాగుండుననిపించింది. వంచిన ఆ వీపుకేసే చూస్తూ నిలబడింది. పరధ్యానంగా రెండు కంచాలు పెట్టి, గుర్తొచ్చి ఒకటి తీసేసిన రోజులు ఈ ఆర్నెల్లలో ఎన్నున్నాయో ఈ మనిషికి ఎలా చెప్పడం? ఉండిపోండి అన్న మాట నాలుక చివరే ఉంది. కాదంటే తట్టుకోలేనని అక్కడే ఉంచేసుకుంది.

పనిముట్ల సంచీ జిప్పు లాగుతూ ఆయన అడిగాడు.

"ఇంకేమైనా ఉందా?"

"ఏముంటుంది? అంతే."

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఆగాడు.

"ఏమీ లేదా?"

"లేదండీ."

ఆయన ముఖం వాడిపోయింది. ఫ్రిజ్ వైపు ఓసారి చూశాడు.

"అయితే దీన్ని అమ్మేసి కొత్తది కొనుక్కో. అయిదారేళ్ళు ఏ మెకానిక్కూ నీ గడప తొక్కక్కర్లేదు," అని మెట్లు దిగిపోయాడు.

ఆవిడకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత కళ్ళు నిండాయి. విసిగిపోయాడన్నమాట. ఇన్నాళ్ళూ తనే వెర్రిదానిలా, వచ్చేది మొగుడనుకుంది. వచ్చింది మెకానిక్. కంపెనీ వెళ్ళమంది కాబట్టి వచ్చాడు, పని చేశాడు, పోయాడు. రేపు ఇంకో ఇల్లు, ఇంకో ఫ్రిజ్. ఆయన దృష్టిలో తనూ ఒక కంప్లయింటే.

పుస్తకంలో రోగాలూ అయిపోయాయి, తన ఓపికా అయిపోయింది. అరచేత్తో ముఖం తుడుచుకుని కంపెనీకి ఫోన్ చేసింది. ఇకమీదట ఆ మనిషిని తమ ఇంటికి పంపొద్దనీ, ఎవరొచ్చినా ఫరవాలేదుగానీ ఆయన మాత్రం రాకూడదనీ, గొంతు వణక్కుండా చెప్పింది.

"బతికించారండీ," అన్నాడు అవతలివాడు. "ఆయన మా దగ్గర మానేసి అయిదు నెలలైంది. మీ ఇంటి కంప్లయింటు మాత్రం ఇంకెవరికీ ఇవ్వొద్దని, ఇవాళైనా వచ్చిందా అని, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి మా ప్రాణాలు తీస్తున్నాడు."