ఎర్ర గీతలు

ప్రింటరులో నేను మరిచిపోయిన కాగితం మేనేజరు బల్ల మీద కనబడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను దరఖాస్తు పెట్టాలనుకున్న ఏడు బిజినెస్ స్కూళ్ల జాబితా అది. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

ఏడింటిలో ఐదింటిని ఆయన ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"చేరి ఎన్నాళ్లయింది?"

"పదకొండు నెలలు సార్. రెండేళ్ల అనుభవం లేనిదే చాలా స్కూళ్లు తీసుకోవని తెలుసు సార్. ఊరికే, చూద్దామని రాసుకున్నా."

"గీతలు అందుకు కాదమ్మా." లేచి తలుపు మూసి వచ్చాడు. "ఆ మిగిలిన రెండింటికే పెట్టు. వాటి గడువు ఈ నెలాఖరు. సిఫారసు ఉత్తరం ఇప్పుడే రాసిస్తా."

"మిగతావాటికి ఇంకా మూడు నెలల టైముంది కదా సార్?"

ఆయన కంపెనీ పేరు అచ్చువేసిన కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం మూత తీయడానికి రెండుసార్లు తంటాలు పడ్డాడు.

"ఉత్తరం నిజమో కాదో కనుక్కోవడానికి, గడువు దగ్గర పడ్డాక వాళ్లు ఇక్కడికి ఫోన్ చేస్తారు. వచ్చే నెల నుంచి ఈ ఆఫీసులో ఫోనెత్తేవాళ్లు ఎవరూ ఉండరు. బయట ఎవరికీ ఇంకా తెలీదు, చెప్పకు."

"మరి మీరు, సార్?"

"నా పేరు ఎలా రాస్తారో ఒకసారి చూసుకో," అంటూ తలవంచి రాయడం మొదలుపెట్టాడు. "నాక్కూడా ఇలాంటి ఉత్తరం ఒకటి నువ్వు రాయాల్సి రావచ్చు."