తొక్కండి, పట్టుకోండి, వదలండి

"తొక్కండి మావయ్యగారూ."

తొక్కాడు.

"పట్టుకోండి."

పట్టుకున్నాడు. కారు కింద నుంచి అల్లుడు "వదలండి" అనడానికి సరిగ్గా రెప్పపాటు ముందు, మామగారు పెడల్ మీద నుంచి కాలు తేల్చేశాడు.

వరసగా నాలుగో ఆదివారం ఆయన చేస్తున్న నిర్వాకం ఇదే. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలది. ఎంత నొక్కాలో, ఎప్పుడు తేల్చాలో దానికి ఒకరు చెప్పక్కర్లేదు. పక్కన కూర్చుని చూసేవాడికే తెలియదు, ఇక కారు కింద వెల్లకిలా పడుకున్నవాడికేం తెలుస్తుంది.

మనవరాల్ని చూసి రెండు రోజుల్లో వచ్చేస్తానని భార్యకు చెప్పి, తన పాత కారు వేసుకుని వచ్చాడాయన. మూడో రోజు పొద్దున బయల్దేరబోతుంటే, పెట్రోలు పోయించుకొస్తానని అల్లుడు బండి తీసుకెళ్ళి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. బ్రేకు దిగిపోతోందట. బ్రేకు ఆయిల్ పారే లైన్లో గాలి చేరిందట. ఇలాంటి బండిలో మామగార్ని పంపితే తను మనిషే కాదన్నాడు. మెకానిక్కుల్ని నమ్మితే బాగున్నవి కూడా పాడుచేస్తారని, వీడియోలు చూసి తనే బాగుచేస్తానని ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఆఫీసు సెలవు ఆదివారం ఒక్కటే కాబట్టి, ముహూర్తం ఆదివారానికి పడింది.

పద్ధతి కూడా విడమరిచి చెప్పాడు. మామగారు పెడల్ తొక్కి పట్టుకుంటే, తను చక్రం వెనక ఉన్న చిన్న నట్టు వదులు చేస్తాడు. పాత ఆయిలూ, గాలీ గొట్టంలోంచి సీసాలోకి వచ్చేస్తాయి. నట్టు బిగించాకే కాలు తీయాలి. పైన కొత్త ఆయిల్ పొయ్యాలి.

"ముందే తీస్తే?" అని అడిగాడు మామగారు, ఊరికే.

"బయటి గాలిని లోపలికి పీల్చేస్తుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది."

ఆ మాటతో మామగారి ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటే ఆయనకు వెళ్ళాలని లేదు. అక్కడ ఆయన తుమ్మితే భార్య ఉలిక్కిపడి తిడుతుంది. ఇక్కడ తుమ్మితే ఏడు నెలల మనవరాలు పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ముక్కులో దారప్పోగు పెట్టుకుని మరీ తుమ్ముతున్నాడు. పొద్దుగూకేసరికి ఆ పిల్ల ఆయన బొజ్జ ఎక్కి, బోర్లా పడి, మళ్ళీ పొద్దున్నే కళ్ళు తెరుస్తుంది. ఇంకెవరు ఎత్తుకున్నా ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. ఇంత వైభోగం వదులుకుని పోవడానికి ఆయనకేమైనా పిచ్చా?

అల్లుడి ధోరణే ఆయన మనసుకు కొంచెం గుచ్చుకుంది. వచ్చిన రోజు గుమ్మంలో చూస్తే కళ్ళు గుంటలు పడి, చొక్కా తిరగేసి తొడుక్కుని, నిలబడే తూగుతున్నాడు. ఇప్పుడు బుగ్గలొచ్చాయి. ఈల వేసుకుంటూ జాకీ ఎక్కిస్తున్నాడు. బానెట్ ఎత్తి ఆయిల్ పొయ్యడం కూడా తనే చేస్తాడు. ఒంటి మీద పడితే మంచిది కాదని మామగార్ని సీట్లోంచి లేవనివ్వడు. మామని సాగనంపడానికి ఇంత హుషారుపడే అల్లుణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

పెడల్ రాయిలా ఉంది. మొదటి ఆదివారం నుంచీ అంతే. తను ఎంత గాలి ఎక్కించినా అది రాయిలాగే ఉంటోంది. బ్రేకు బాగానే ఉందని అల్లుడికి తెలిస్తే ఈ పూటే ప్రయాణం కట్టాలి.

"దూదిలో కాలు పెట్టినట్టుంది అల్లుడూ."

"అనుకున్నాను. బుడగలు వస్తూనే ఉన్నాయి," అన్నాడు కింద నుంచి అల్లుడు.

అప్పుడే పిల్లను చంకనేసుకుని కూతురు వచ్చింది. రేపు పొద్దున నాన్న బయల్దేరుతున్నారని అమ్మకు ఫోనులో మాటిచ్చేశానంది. ఇంకో ఆదివారం దాకా ఆగేది లేదంది.

"ఈ సాయంత్రానికి బ్రేకులు పడాల్సిందే. మీ ఇద్దరికీ ఇదే ఆఖరి మాట."

ఇద్దరి ముఖాలూ ఒకేసారి వాడిపోయాయి. అల్లుడిది దెబ్బతిన్న పౌరుషమనుకున్నాడు మామగారు.

"అయిపోతుందిలే," అని నీరసంగా గొణిగి, అల్లుడు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. వెనకే కూతురూ వెళ్ళింది.

మామగారి బుర్ర మిషనులా తిరిగింది. కాలు పని అయిపోయింది, ఇక చెయ్యి పని చెయ్యాలి. ఆయిల్ ఉంటేనే కదా బ్రేకులు బాగయ్యేది? ఒలికిపోయిందంటే సరి. ఆదివారం కొట్లు తీయరు. రేపటి నుంచి అల్లుడికి ఆఫీసు. అంటే ఇంకో వారం. వారానికి తక్కువలో తక్కువ రెండొందల తుమ్ములు.

చక్రం పక్కనున్న బ్రేక్ ఆయిల్ డబ్బాను చొక్కా కింద దాచి, పిల్లిలా పెరట్లోకి నడిచాడు. పాత బకెట్టు ఒకటి వెతికి పట్టుకున్నాడు. అల్లుడి కష్టమంతా దొంగిలిస్తున్నానే అని ఒక్క క్షణం నిజంగానే సిగ్గుపడ్డాడు. అయినా డబ్బా వంచి మూత తిప్పాడు.

కదల్లేదు. పళ్ళు బిగించి మళ్ళీ తిప్పాడు. ఊహూఁ. నుదుటి మీది కళ్ళజోడు దించుకుని, మూతను దగ్గరగా పెట్టుకుని చూశాడు.

నాలుగు ఆదివారాలుగా అల్లుడు పోస్తూ వస్తున్న ఆ డబ్బాకి, కొన్నప్పటి సీలు వేసింది వేసినట్టే ఉంది.