మిల్లు చెరువులో బుడగలు

మా నార్‌ఫోక్ జిల్లాలో నీటి బుడగ చూసి చేప పేరు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి ఆ చేప ఆడదో మగదో కూడా చెప్పాను, నమ్మితే నమ్మండి.

ఆ రాత్రి మా బావ ఏమోస్, నేను మిల్లు చెరువులో గాలాలు వేసుకుని కూర్చున్నాం. పోయిన చలికాలం బావ తమ్ముడు విల్ఫ్ అక్కడే పడవ తిరగబడి మునిగాడు. శవం దొరకలేదు.

రెల్లు పక్కన బుడగలు లేచాయి.

"ఏ చేప రా? మొనగాడివి కదా, చెప్పు" అన్నాడు బావ.

టెంచ్ చేపైతే ఆవగింజలంత బుడగలు వదులుతుంది. కార్ప్ అయితే శనగలంత. ఇవి గుప్పెడంత ఉన్నాయి. లేచి, ఆగి, మళ్లీ లేస్తున్నాయి, మనిషి ఊపిరిలాగా.

"బురదలో గాలిలే బావా."

"విల్ఫ్ మునిగినప్పుడూ అందరూ అదే కూశారు. చేపల కోసమైతే తెల్లార్లూ కూర్చుంటారు. మా వాడి కోసం ఒక్కడికీ తీరిక లేకపోయింది."

బావ బూట్లు విప్పాడు.

"పిచ్చా నీకు? అక్కడ లోతు బావా, ఆగు!"

వినకుండా నీళ్లలోకి దిగాడు.

చేపైతే మనిషి అడుగు చప్పుడుకి పారిపోతుంది. బురద గాలైతే ఉన్నచోటే ఉంటుంది. ఆ బుడగలు మెల్లగా బావ వైపు కదిలాయి.