నిండు గోతాం

"ఆగు తాతా! ఆ గోతాంలో ఏముంది?"

వాగు కాపలాదారు కేకకి ముసలాయన గట్టు మీదే ఆగిపోయాడు.

భుజాన తడి గోతాం. ఆ బరువుకి మనిషి సగానికి వంగిపోయి ఉన్నాడు.

"రాళ్ళు బాబూ."

"అదీ సంగతి! వాగులో రాళ్ళు మాయమవుతున్నాయని ఆఫీసులో నాకు రోజూ చీవాట్లు. పూలమొక్కల చుట్టూ పేర్చుకోడానికి మీకు ఈ వాగు రాళ్ళే దొరికాయా?"

"దొంగతనం కాదు బాబూ..."

"పట్టుబడ్డ ప్రతివాడూ అనే మాటే!"

కాపలాదారు గోతాం లాక్కుని తన గది ముందు బోర్లించాడు. గుండ్రటి రాళ్ళు ఎండలో దొర్లాయి.

ముసలాయన వంగి రాళ్ళకి చేతులు అడ్డం పెట్టాడు.

"నన్నేమైనా చెయ్యి. వాటిని మాత్రం నీళ్ళలో వెయ్యి బాబూ. ఎండ తగలనివ్వకు."

"రాళ్ళకి వడదెబ్బ తగులుతుందా ఏంటి?" కాపలాదారు వెటకారంగా నవ్వాడు. "ఇవి సాక్ష్యం. ఆఫీసు వాళ్ళు వచ్చి చూసేదాకా ఇక్కడే ఉంటాయి. నీ అడ్రసు చెప్పు. మళ్ళీ ఈ గట్టున కనిపించావో, పోలీసులకి అప్పగిస్తా."

ముసలాయన అడ్రసు చెప్పాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి రాళ్ళ వంక చూసి వెళ్ళిపోయాడు.

కాపలాదారుకి ఈ వాగంటే ప్రాణం. ఉండదూ మరి! వాళ్ళ నాన్న ఈ నీళ్ళలో వల వేసి ముగ్గురు పిల్లల్ని పెంచాడు. పదిహేనేళ్ళ కిందట, సరిగ్గా వాగు పుట్టే చోట, పురుగుమందు ట్యాంకరు బోల్తా పడింది. ఒక్క పూటలో చేపా, కప్పా, పీతా అన్నీ వెల్లకిలా తేలాయి. చేలో పురుగు కోసం తెచ్చిన మందు వాగు ప్రాణం తీసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే. నాన్న ఆ సాయంత్రం వల చుట్టి అటక మీద పడేశాడు. చచ్చేదాకా మళ్ళీ దించలేదు.

"ఆ డ్రైవరు దొరకనీ, కాళ్ళు విరగ్గొడతా" అని కాపలాదారు అప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు.

అలాంటి వాగు ఈ మూడు నాలుగేళ్ళుగా మళ్ళీ కళ్ళు తెరిచింది. చేపపిల్లలు మిలమిలలాడుతున్నాయి. అదెలా జరిగిందో ఎవరికీ అంతుబట్టలేదు.

అది తేల్చడానికే, ముసలాయన్ని పట్టుకున్న నాలుగో రోజున నీళ్ళు పరీక్ష చేసే మేడమ్ వచ్చింది. మోకాలి లోతులో దిగి ఒక రాయి తిరగేసింది.

"ఇలా రా అన్నా, చూడు."

కాపలాదారు నోరు వెళ్ళబెట్టాడు. రాయి కింద ఒక ఊరే ఉంది! బియ్యపుగింజంత పురుగొకటి ఇసుక రేణువులు ఒక్కొక్కటే అతికించి, ఒంటి చుట్టూ గొట్టంలా ఇల్లు కట్టుకుని, తల బయటపెట్టి చూస్తోంది.

"ఓరి నీ అసాధ్యం కూలా! దీనికి మేస్త్రీ పని ఎవరు నేర్పారు మేడమ్?"

"ఎవరూ నేర్పలేదు. చేపలకి ఇవే తిండి. ఇవి లేకపోతే వాగే లేదు." మేడమ్ రాతి అంచున నత్తని చూపించింది. "రెక్కలొచ్చే పురుగులు ఎగిరొచ్చాయనుకుందాం. ఈ నత్తకి రెక్కలేవీ? ఇది కొండ అవతలి వాగులో ఉండే రకం. ఎవరో మోసుకొచ్చారు. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి."

కాపలాదారు రెండు చేతులూ జోడించాడు.

"ఎవరా పుణ్యాత్ముడు? కనిపిస్తే కాళ్ళకి దణ్ణం పెడతాను!"

మేడమ్ గట్టెక్కి గది ముందు రాళ్ళ దగ్గర ఆగింది. వంగి ఒకటి తీసింది. అడుగున అదే రకం నత్తలు ఎండి గుల్లలై అంటుకుని ఉన్నాయి.

"ఇవెక్కడివి?"

"ఒక ముసలి దొంగ దగ్గర పట్టుకున్నాను మేడమ్."

"వాగు దగ్గర్నుంచి పోతుంటేనా, వాగు దగ్గరికి వస్తుంటేనా?"

కాపలాదారు ఆ రోజు తాత నిలబడ్డ చోటు వంక చూశాడు.

వస్తుంటేనే.

నిండు గోతాంతో దొంగతనానికి వచ్చేవాడు లోకంలో ఉంటాడా!

సైకిలెక్కి ఎకాయెకి ఆ అడ్రసుకి తొక్కాడు.

ఇంటావిడ తలుపు తీసింది.

"పై గదిలో ఉండే తాత కోసమా? నిన్న పోయాడయ్యా. ఆయాసం మనిషి. ఆ రోజు వాగు దగ్గర్నుంచి వచ్చాక గడప దాటలేదు. 'రాళ్ళు నీళ్ళలో వేశాడో లేదో' అని ఒకటే కలవరింత."

కాపలాదారు మెట్ల దగ్గర నిలబడి తలెత్తి చూశాడు. పైన తీగ మీద ఉతికి ఆరేసిన గోతాలు మూడు గాలికి ఊగుతున్నాయి.

"కాళ్ళకి దణ్ణం పెట్టుకుందామని వచ్చానమ్మా" అన్నాడు ఏడుస్తూ.

"దణ్ణం పెట్టించుకునే మనిషి కాదయ్యా. ఇన్నేళ్ళూ ఆదివారం వస్తే చాలు, గోతాం పట్టుకుని కొండ అవతలికి బస్సెక్కేవాడు. 'మంచోడివి తాతా' అంటే చెవులు మూసుకునేవాడు."

"ఎందుకమ్మా?"

"ఒకప్పుడు డ్రైవరట. భోంచేసి బండెక్కి, కునుకు పట్టి, మందు ట్యాంకరుని ఆ వాగులో బోల్తా కొట్టించింది తనేనట."