పిచ్చుక వద్దంది

“నాకు ఆపరేషన్ వద్దు!”

పిచ్చుక గట్టిగా అనేసరికి కోర్టు హాల్లో గుజగుజలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పక్కనే నిలబడ్డ తల్లి దాని నోరు మూయబోయింది.

పిచ్చుకకి అసలు పేరు కాగితాల మీదే ఉంది. ఒళ్లు ఇరవై ఏడేళ్లది, బుద్ధి ఏడెనిమిదేళ్లది. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు ఇప్పుడు ముదిరింది. నాలుగు మెట్లెక్కితే చాలు, పెదాలు నీలంగా మారిపోతున్నాయి. నెలాఖరులోగా ఆపరేషన్ చెయ్యకపోతే తను చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరు తెగేసి చెప్పాడు. కానీ మేజరైన పిల్ల తరఫున తల్లి సంతకం చెల్లదట. కోర్టు ఆమెని సంరక్షకురాలిగా నియమిస్తేనే ఆస్పత్రివాళ్లు కత్తి పడతారట.

“దానికేం తెలుసు సార్! దాని మాట పట్టించుకోకండి.” తల్లి జడ్జిగారికి చేతులు జోడించింది. “నీళ్లు పోసేది నేను, జడేసేది నేను. నేను కలిపి పెడితే తప్ప ముద్ద దిగదు దానికి.”

“అమ్మాయి వయసెంత?”

“ఇరవై నాలుగు.”

“ఇరవై ఏడు సార్,” లాయరు గబుక్కున అందుకున్నాడు. “కంగారులో ఉంది పాపం.”

“డాక్టరు సర్టిఫికెట్టేదీ?”

తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. దారపు ఉండలు, కొలతల టేపు, ఎవరిదో జాకెట్టు గుడ్డ. ఆమె పనిచేసే కుట్టు షాపంతా ఆ సంచిలోనే ఉంది, కావలసిన కాగితం తప్ప.

“నిన్న మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను కదమ్మా!” లాయరు పళ్ల బిగువున అన్నాడు.

“ఎక్కడ చెప్పారు బాబూ? చెబితే తేనా?”

ఆమె సంచిని నేలమీద బోర్లించేసింది. జాకెట్టు గుడ్డ మడతలోంచి సర్టిఫికెట్టు జారిపడింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి.

జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

“చూడమ్మా, గుండె కోసే వ్యవహారం ఇది. మనిషి ఎదురుగా నిలబడి వద్దంటోంది. ఎందుకొద్దంటోందో తెలీకుండా నేను సంతకం పెట్టలేను. నిపుణుల చేత మాట్లాడిద్దాం. వచ్చే నెల పదో తారీకుకి వాయిదా...”

“వచ్చే నెలకి నా బిడ్డ ఉండదు సార్!”

ఆ కేకకి గుమ్మంలో బంట్రోతు కూడా ఉలిక్కిపడ్డాడు. లాయరు చెయ్యి పట్టుకున్నా ఆమె ఆగలేదు. కూతురి భుజాలు రెండూ పట్టుకుని కుదిపేసింది.

“చెప్పవే! నిన్నట్నుంచీ అడుగుతున్నాను, రాయిలా కూర్చున్నావు. ఎందుకొద్దో చెప్పి చావు!”

అన్నాక నాలిక్కరుచుకుంది. అనకూడని మాట, ఈ రోజున అసలే అనకూడని మాట. పిచ్చుకని గుండెకి అదుముకుని భోరుమంది. పిచ్చుక తన పైట చెంగుతోనే తల్లి ముక్కు తుడిచింది.

జడ్జిగారు వాయిదా కాగితాన్ని పక్కకి జరిపి, “ఇలా రా తల్లీ,” అన్నారు. “అమ్మని అక్కడే ఉండనీ. నువ్వొక్కదానివే రా.”

పిచ్చుక ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి బల్ల పక్కన నిలబడింది.

“సూదంటే భయమా?”

అడ్డంగా తలూపింది.

“నొప్పెడుతుందనా?”

“ఊహూ.”

“మరి ఆస్పత్రంటే భయమా? ఎన్నాళ్లుండాలో చెప్పారా నీకు?”

పిచ్చుక పది వేళ్లూ చాపి చూపించింది. “అన్ని రోజులు. రాత్రిళ్లు కూడా అక్కడే.”

“అంతేగా! పది రోజులు ఇట్టే గడిచిపోతాయి. మళ్లీ హాయిగా పరిగెత్తొచ్చు. ఎందుకొద్దో నా ఒక్కడికే చెప్పు, ఎవరికీ చెప్పను. ఒట్టు.”

కింద తల్లి ఒకడుగు ముందుకేసింది. ఆ నోట ఏ మాట వస్తే దాని మీదే ఉంది బిడ్డ ప్రాణం.

పిచ్చుక వెనక్కి తిరిగి తల్లిని ఒకసారి చూసింది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని జడ్జిగారి చెవి దగ్గరకి వంగింది. కానీ దానికి గుసగుసలాడటం ఏనాడూ చేతకాలేదు. అది చెప్పిన రహస్యం హాలంతటికీ వినబడింది.

“అన్ని రోజులు నేను లేకపోతే షాపు నుంచి అమ్మని ఇంటికి ఎవరు తీసుకొస్తారు సార్? అమ్మకి దారి గుర్తుండట్లేదు... తనకి చెప్పకండేం, భయపడుతుంది.”